గుంట తవ్వకముందే కాగితాల కట్ట కట్టుకోండి

సంక్రాంతి దాటగానే మా వైపు పొక్లెయిన్లు దిగుతాయి. నెల్లూరు జిల్లాలో అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, అటు ప్రకాశం జిల్లాలో కొత్తపట్నం, సింగరాయకొండ దాకా తీరం పొడుగునా గట్లు తెగ్గొట్టి మళ్లీ పోస్తుంటారు. నాకు ఫోన్లు మొదలయ్యేదీ అప్పుడే. "అన్నా, రొయ్యల గుంటకు సబ్సిడీ ఇస్తన్నారంట గదా, ఎవర్ని కలవాల?" అని అడుగుతారు. అడిగే సరికి సగం గుంట తవ్వేసి ఉంటారు. నేను చెప్పే మొదటి మాట వాళ్లకు రుచించదు. సబ్సిడీ అనేది అన్నీ అయిపోయాక చివర్న వచ్చే డబ్బు. దానికంటే ముందు చేయాల్సిన పనులు ఆరు ఉన్నాయి. అవి వరస తప్పితే చివరిది కూడా రాదు.

డబ్బు లేక కాదు. దేశంలో చేపలు, రొయ్యల ఉత్పత్తి 2013-14లో 95.79 లక్షల టన్నులు. 2023-24కు అది 184 లక్షల టన్నులు దాటింది. 2024-25లో సముద్ర ఉత్పత్తుల ఎగుమతి విలువ 62,408 కోట్ల రూపాయలైతే, అందులో మూడింట రెండు వంతులకు పైగా గడ్డకట్టించి పంపిన రొయ్యదే. 2019లో కేంద్రం మత్స్యశాఖను విడదీసి, పశుసంవర్ధకం, పాడితో కలిపి వేరే మంత్రిత్వ శాఖ పెట్టింది. మరుసటి ఏడాది 20,050 కోట్లతో ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన వచ్చింది. 2024 ఫిబ్రవరిలో దాని కిందే ఇంకో 6,000 కోట్లతో మత్స్య కిసాన్ సమృద్ధి సహ యోజనకు ఆమోదం దొరికింది. ఇంత సొమ్ములో మన ఊరి రైతు చేతికి వచ్చేది ఎంత అంటే, అతని సంచిలో ఎన్ని కాగితాలు ఉన్నాయో అంత.

ఇది నేను నష్టపోయి నేర్చుకున్నది. వెనామీ (విదేశాల నుంచి వచ్చిన రొయ్య జాతి) వేసిన మూడో కాపు. నలభై రెండో రోజు తెల్లవారుజామున చెక్ ట్రే (మేత తిన్నాయో లేదో చూసే పళ్లెం) ఎత్తితే మేత అట్లాగే ఉంది. ట్రే మూలన రెండు రొయ్యలు ఒత్తిగిలి పడున్నాయి. టార్చి వెలుగులో తలపెంకు ఒలిచి చూస్తే లోపలి వైపు సుద్దముక్కతో చుక్కలు పెట్టినట్టు ఉంది. సాయంత్రానికి గట్టు చుట్టూ కొంగలు. రెండు గుంటలూ పోయాయి. బ్యాంకుకు వెళ్తే, గుంట రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి మా పుస్తకాల్లో మీరు రొయ్యల రైతే కాదన్నారు. సీడుకు, అంటే రొయ్యపిల్లలకు, బిల్లు లేదు. మేత అప్పు మాత్రం డీలరు నోటుబుక్కులో పైసాతో సహా ఉంది. ఆ అప్పు తీర్చడానికి మాకు నాలుగేళ్లు పట్టింది. అందుకే ఈ వరస రాస్తున్నా.

మొదటి పని: భూమి ఎవరిదో, ఎలాంటిదో తేల్చుకోవడం

అడంగల్, 1బి అనే భూమి రికార్డులు తీసుకోండి. ఈ రెండూ మీ పేరున ఉంటే సగం తలనొప్పి పోయినట్టే. నెల్లూరు జిల్లాలో మాత్రం ఇంకో చిక్కుంది. తీరం వెంబడి చాలా భూమి డీకేటీ పట్టాలు, సీజేఎఫ్‌ఎస్ (సహకార ఉమ్మడి సాగు సంఘాల) భూములు. పేదలకు సాగు కోసం ఇచ్చినవి. చేతులు మారి మారి ఎవరి దగ్గరో ఉంటాయి. అలాంటి భూమిలో గుంట తవ్వాలనుకుంటే, కొనుగోలు కాగితం చూపించేవాళ్ల మాట నమ్మకుండా ముందు తహశీల్దారు ఆఫీసులో రికార్డు చూపించమని అడగండి. గుంట తవ్వాక బయటపడితే ఏ పథకమూ మీ దరికి రాదు.

కౌలు రైతులకు ఇంకా కష్టం. మన దగ్గర గుంటలు నడిపేవాళ్లలో కౌలుదారులే ఎక్కువగా కనిపిస్తారు, కాని చేతిలో ఉండేది వంద రూపాయల స్టాంపు కాగితం, అదీ ఏడాదికి. మత్స్య సంపద యోజన కింద గుంట తవ్వకానికి సాయం కావాలంటే రిజిస్టరైన దీర్ఘకాలపు లీజు కావాలి. భూయజమాని ఒప్పుకోడు, నాకు తెలుసు. అయినా అడగండి. అడిగేటప్పుడు, కాలపరిమితి అయ్యాక గుంటతో సహా భూమి ఆయనకే మిగులుతుందని చెప్పండి. మా పక్క ఊళ్లో ఇద్దరు అట్లా ఒప్పించుకున్నారు. ఒప్పుకోకపోతే తవ్వకం సాయం మీద ఆశ వదిలేసి, కింద చెప్పే కిసాన్ క్రెడిట్ కార్డు మీద దృష్టి పెట్టండి. దానికి కౌలుదారులూ, ఉమ్మడి బాధ్యతా గ్రూపులూ అర్హులే.

రెండో పని: రిజిస్ట్రేషన్. దీని దగ్గర కాస్త ఓపిక పట్టండి

ఉప్పునీటి గుంటలకు రెండు గడపలు ఎక్కాలి. ఒకటి చెన్నైలో ఉన్న కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ. 2005 చట్టంతో వచ్చింది. సముద్రం, నదీముఖం, కాలువల పోటు గీతకు (పోటు నీరు చేరే హద్దుకు) రెండు కిలోమీటర్ల లోపున్న ప్రతి రొయ్యల చెరువూ అక్కడ నమోదు కావాలి. మీరు చెన్నై పోనవసరం లేదు. దరఖాస్తు జిల్లా మత్స్యశాఖ ద్వారా కలెక్టరు అధ్యక్షత వహించే జిల్లా కమిటీ ముందుకు వెళ్తుంది. రిజిస్ట్రేషన్ ఐదేళ్లకు ఇస్తారు. గడువు తేదీని గోడ క్యాలెండరు మీద కాదు, గుంట దగ్గర షెడ్డు తలుపు మీద రాసుకోండి. ఐదేళ్లు ఇట్టే గడిచిపోతాయి.

ఈ చట్టం ఎందుకొచ్చిందో మన జిల్లా వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. తొంభైల మొదట్లో టైగర్ రొయ్యతో నెల్లూరు వెలిగిపోయింది. 1994లో వైట్ స్పాట్ (తెల్లమచ్చల జబ్బు) కొట్టింది. గుంటల చుట్టుపక్కల తాగునీళ్లు ఉప్పెక్కాయని, వరిచేలు పోయాయని కేసులు పడి, 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరం వెంబడి రొయ్యల చెరువుల మీద గట్టి తీర్పు ఇచ్చింది. ఆ దెబ్బ తగిలాకే లైసెన్సులు, నియమాలు వచ్చాయి. కాబట్టి తనిఖీకి వచ్చిన మనిషి నీళ్లు ఎటు వదులుతున్నారని అడిగితే చిరాకు పడకండి. ఆ ప్రశ్న వెనక మన ఊరి మంచినీళ్ల బావి ఉంది. పెద్ద కమతాలకు వాడిన నీటిని శుద్ధి చేసే చెరువు తప్పనిసరి. చిన్న రైతులు కూడా నలుగురు కలిసి ఒకటి పెట్టుకుంటే వైట్ స్పాట్ పక్క గుంటకు పాకకుండా ఆపొచ్చు.

వెనామీ వేసేవాళ్లు సాంద్రత గుర్తు పెట్టుకోండి. చదరపు మీటరుకు 60 పిల్లలు, అంతకు మించి వేయకూడదు. ఎకరా లెక్కలో చెప్పాలంటే సుమారు 2 లక్షల 40 వేలు. ఏరేటర్లు (నీటికి గాలి ఎక్కించే యంత్రాలు), కరెంటు సరిగా లేని చోట అందులో సగం వేసినా ఎక్కువే అని నా అభిప్రాయం.

రెండో గడప రాష్ట్రానిది. 2020 చట్టంతో పెట్టిన ఆంధ్రప్రదేశ్ ఆక్వాకల్చర్ అభివృద్ధి ప్రాధికార సంస్థ, అందరూ అప్సడా అంటారు. ఈ లైసెన్సుకు రైతు సేవా కేంద్రంలో ఉండే గ్రామ మత్స్య సహాయకుణ్ని కలవాలి. ఆక్వా జోన్‌లో ఉండి అప్సడా లైసెన్సు ఉంటే కరెంటు యూనిట్ 1.50 రూపాయలకు వస్తుంది. నాలుగు ఏరేటర్లు రాత్రంతా తిరిగే గుంటకు ఇది చిన్న విషయం కాదు. కరెంటు మీటరు తండ్రి పేరున, లైసెన్సు కొడుకు పేరున ఉన్న ఇళ్లు చాలా చూశాను. లైసెన్సుకు దరఖాస్తు పెట్టకముందే ఆ పేర్లు ఒకటి చేసుకోండి. తర్వాత మార్చుకోవాలంటే రెండు ఆఫీసుల మధ్య తిరగాలి.

మూడో పని: జాతీయ డిజిటల్ వేదికలో పేరు

నేషనల్ ఫిషరీస్ డిజిటల్ ప్లాట్‌ఫామ్ అని 2024 సెప్టెంబరులో మొదలైంది. ఆధార్, దానికి లింకైన ఫోను నంబరు, బ్యాంకు ఖాతా ఉంటే చాలు, కామన్ సర్వీస్ సెంటర్‌లో పది నిమిషాల పని. బీమా ప్రోత్సాహకం లాంటివి ఇక్కడ పేరున్నవాళ్లకే. రొయ్యల రైతులే కాదు, వేటకు పోయేవాళ్లు, చేపలమ్మే ఆడవాళ్లు, పొట్టు వలిచే షెడ్లలో పనిచేసేవాళ్లు కూడా నమోదు చేసుకోవచ్చు. ఇంట్లో ఇద్దరు పనిచేస్తుంటే ఇద్దరి పేర్లూ విడివిడిగా ఎక్కించండి.

నాలుగో పని: సీడు వేయడానికి రెండు నెలల ముందే బ్యాంకు

ఈ ఒక్క పని సరిగా చేస్తే మిగతా అన్ని పథకాల కంటే ఎక్కువ మిగులుతుంది. కిసాన్ క్రెడిట్ కార్డు 2018-19 నుంచి చేపలు, రొయ్యల సాగుకూ వర్తిస్తోంది. వడ్డీ 7 శాతం. గడువులోగా కడితే 3 శాతం తగ్గుతుంది, అంటే మీరు కట్టేది 4 శాతం. మన రంగానికి ఈ వడ్డీ రాయితీ 2 లక్షల రూపాయల వరకు ఇచ్చేవారు. 2025-26 బడ్జెట్‌లో రైతులు, మత్స్యకారులకు కార్డు పరిమితిని 5 లక్షలకు పెంచుతున్నట్టు ప్రకటించారు. మీ బ్రాంచిలో ఎంత వరకు ఇస్తున్నారో మేనేజరునే అడగండి. 2025 జనవరి నుంచి 2 లక్షల దాకా పూచీకత్తు అడగకూడదని రిజర్వు బ్యాంకు చెప్పింది. అడిగితే ఈ మాట మర్యాదగా గుర్తు చేయండి.

లెక్క చూడండి. రెండు లక్షలు బ్యాంకులో 4 శాతానికి తీసుకుంటే ఏడాదికి వడ్డీ 8,000. అదే బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే 48,000. మేత డీలరు వడ్డీ పేరు ఎత్తడు, నిజమే. కాని రొక్కానికి ఒక ధర, అరువుకు ఒక ధర వేస్తాడు. పైగా పట్టుబడి రోజు, అంటే గుంటలో రొయ్య పట్టే రోజు, సరుకు ఆయన చెప్పిన ఏజెంటుకే తోలాలి. కౌంటు (కిలోకు తూగే రొయ్యల సంఖ్య) ఎంతుంటే అంత, కిలోకు పది ఇరవై తక్కువ అన్నా నోరెత్తలేం. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి పోయినప్పుడు ఏం జరిగిందో చూశాం కదా. అప్పు లేనివాడు ఇంకో రెండు వారాలు గుంటలో ఉంచి రొయ్యను పెద్ద సైజుకు తేగలిగాడు. అప్పున్నవాడు వంద కౌంటుకే వల వేశాడు.

బ్యాంకుకు పోయేటప్పుడు పట్టుకుపోవాల్సినవి: భూమి కాగితం లేదా లీజు, రిజిస్ట్రేషన్, అప్సడా లైసెన్సు, ఆధార్, పాన్, గుంట ఫొటో. ఎకరాకు ఎంత ఇవ్వాలో జిల్లా సాంకేతిక కమిటీ ఏటా ఖరారు చేస్తుంది. ఆ అంకె మత్స్యశాఖ ఆఫీసులో అడిగి తెలుసుకుని పోతే మేనేజరుతో మాట సులువవుతుంది. దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి. రసీదు లేని దరఖాస్తు ఇచ్చినట్టు కాదు.

ఐదో పని: సీడు, బిల్లు, నోటుబుక్కు

పిల్లలు ఎక్కడ కొన్నా హేచరీకి (పిల్లల్ని పుట్టించే కేంద్రానికి) కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ రిజిస్ట్రేషన్ ఉందా, తల్లి రొయ్య ఎక్కడిది అని అడగండి. వెనామీ తల్లి రొయ్యలు విదేశాల నుంచి వచ్చి చెన్నైలోని క్వారంటైన్ కేంద్రంలో పరీక్షలయ్యాకే హేచరీలకు చేరాలి. గుంటల్లో పెరిగిన రొయ్యనే తల్లిగా వాడి చవగ్గా అమ్మేవాళ్లున్నారు. వెయ్యికి వంద రూపాయలు తక్కువని అక్కడికి పోతే కాపు మొత్తం పందెం కాసినట్టే. బండి ఎక్కించేముందు వైట్ స్పాట్‌కూ, రొయ్య ఎదుగుదలను ఆపే ఈహెచ్‌పీ అనే జబ్బుకూ పీసీఆర్ పరీక్ష చేయించండి. హేచరీ ఇచ్చే రిపోర్టు కాదు, మీ చేత్తో తీసిన నమూనాకు మీరు డబ్బు కట్టి తెచ్చుకున్న రిపోర్టు.

గుంట దగ్గర ఇంకో పరీక్ష ఖర్చు లేకుండా చేయొచ్చు. ఒక బేసిన్‌లో, వచ్చిన నీటి ఉప్పదనం సగానికి తగ్గేలా మంచినీళ్లు కలపండి. లెక్కపెట్టి వంద పిల్లల్ని వదిలి అరగంట ఆగండి. గట్టివైతే నీటి వాలుకు ఎదురు తిరిగి ఈదుతుంటాయి. బేసిన్ మధ్యలో చెయ్యి పెట్టి తిప్పండి, బలహీనమైనవి నడుమ కుప్పగా చేరిపోతాయి. పదో పదిహేనో పోతే ఆ బ్యాచ్ తిప్పి పంపడానికి మొహమాట పడొద్దు.

నోటుబుక్కు గురించి అందరూ తేలిగ్గా తీసుకుంటారు. రెండు వందల పేజీల లాంగ్ నోట్ కొనండి. సీడు వేసిన తేదీ, సంఖ్య, బిల్లు నంబరు, రోజూ మేత ఎన్ని కిలోలు, ఏ మందు ఎంత వేశారు, వారానికోసారి సగటు బరువు, చచ్చిన రొయ్యలు. అంతే. బీమా వాళ్లు అడిగేది ఇదే, ఎగుమతి కంపెనీ అడిగేదీ ఇదే.

ఆరో పని: బీమా

రొయ్యకు బీమా ఏంటని నవ్వే రోజులు పోయాయి. సమృద్ధి సహ యోజన కింద ప్రీమియంలో 40 శాతం కేంద్రం తిరిగిస్తుంది, హెక్టారుకు 25,000 వరకు, ఒక రైతుకు నాలుగు హెక్టార్ల దాకా, అంటే గరిష్ఠంగా లక్ష రూపాయలు. ఎస్సీ, ఎస్టీ, మహిళా రైతులకు ఆ ప్రోత్సాహకం మీద ఇంకో పది శాతం అదనం. ఇది ఒక్కసారికే ఇచ్చే ప్రోత్సాహకం కాబట్టి పెద్ద కాపుకు వాడుకోండి. పాలసీ తీసుకునేముందు ఒక్క పేజీ చదివించుకోండి: జబ్బుతో పోతే ఇస్తారా, తుఫానుకు, వరదకు మాత్రమేనా? పాలసీకి పాలసీకి తేడా ఉంటుంది. గుంట దెబ్బతింటే ఆ రోజే ఫోన్ చేయాలి. నీళ్లు వదిలేసి, బ్లీచింగ్ చల్లేసి తర్వాత చెబితే సర్వేయరు చూడ్డానికి ఏమీ మిగలదు.

ఏడో పని: ఇప్పుడు సబ్సిడీ

మత్స్య సంపద యోజన 2020-21లో మొదలై 2025-26 దాకా పొడిగించారు. ప్రతి పనికీ ఒక యూనిట్ ఖర్చు కట్టారు. అందులో జనరల్ వాళ్లకు 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, మహిళలకు 60 శాతం ఇస్తారు. కొత్త ఉప్పునీటి గుంటకు హెక్టారుకు యూనిట్ ఖర్చు 8 లక్షలు. అంటే రెండున్నర ఎకరాలకు 3 లక్షల 20 వేలు, ఆడవాళ్ల పేరున అయితే 4 లక్షల 80 వేలు. మీకు నిజంగా ఎంత ఖర్చయినా లెక్క ఈ యూనిట్ మీదే. ఇంటి ఆడవాళ్ల పేరున దరఖాస్తు పెట్టమని అందరూ సలహా ఇస్తారు. పెట్టండి, కాని భూమి కాగితం, లైసెన్సు, ఖాతా అన్నీ ఆమె పేరునే ఉండాలి. ఆ పత్రాలు ఆమె చేతిలోనే ఉండాలి కూడా.

దరఖాస్తు గ్రామ మత్స్య సహాయకుడి దగ్గర మొదలై, జిల్లా కమిటీ ఆమోదం పొందాలి. ఆమోదం ఉత్తర్వు చేతికి రాకముందు పొక్లెయిన్ దించకండి. పాత గుంటను కొత్త గుంటని చూపించడం కుదరదు, ప్రతి దశకూ స్థలం గుర్తుతో ఫొటోలు తీస్తారు. ముందు మీ డబ్బు పెట్టాలి, పని పూర్తయ్యాక తనిఖీ జరిగి ఖాతాలో పడుతుంది. నెలలు పట్టొచ్చు. కాబట్టి సబ్సిడీ వస్తుందన్న ధైర్యంతో నూటికి మూడు రూపాయల అప్పు తేవద్దు. ఆ వడ్డీ సబ్సిడీని తినేస్తుంది. మధ్యలో ఎవరైనా "నేను చూసుకుంటా, పది శాతం ఇవ్వు" అంటే ఆ మనిషితో ఫోను మాట్లాడ్డం కూడా మానేయండి.

గుంట లేనివాళ్లకు కూడా ఇందులో దారి ఉంది. ఐస్‌పెట్టెతో మోటార్ సైకిలుకు యూనిట్ ఖర్చు 75,000, మూడు చక్రాల బండికి 3 లక్షలు. మైపాడులో, పాకలలో తెల్లారకముందే తట్ట నెత్తిన పెట్టుకుని బస్సు కోసం నిలబడే ఆడవాళ్లను చూసినప్పుడల్లా ఈ అంకెలే గుర్తొస్తాయి. మూడు చక్రాల బండిలో 1 లక్షా 80 వేలు ప్రభుత్వం భరిస్తుంది. అడిగేవాళ్లు తక్కువ.

ఎనిమిదో పని: పట్టుబడికి ముందు పరీక్ష

క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ జాతి యాంటీబయాటిక్ మందులు నిషేధం. ఒక్క కంటైనరులో ఆనవాలు దొరికితే దేశం మొత్తం రొయ్య మీద తనిఖీలు బిగుస్తాయి. 2016లో యూరప్ మన చెరువు రొయ్యల తనిఖీని పది శాతం నుంచి యాభైకి పెంచింది ఇలాంటి వాటి వల్లే. సంచి మీద మందు పేరు, అందులో ఏముందో రాయని డబ్బా ఏదైనా గుంటలో పోయకండి, ఎంత నమ్మకమైనవాడు ఇచ్చినా సరే. యూరప్‌కు పోయే రొయ్యకు పట్టుబడికి ముందే ఎంపెడా (సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ) ఎలీసా ల్యాబులో ఈ మందుల ఆనవాళ్ల పరీక్ష ఉంటుంది. నెల్లూరులోనే ల్యాబు ఉంది. ఆ రిపోర్టు చేతిలో ఉంటే ఒకరికి ఇద్దరు కొనుగోలుదారులు వస్తారు. సందేహాలకు ముత్తుకూరు మత్స్య కళాశాల ఉంది. నీళ్ల సీసా, రొయ్య నమూనా పట్టుకుపోతే మాట వేరేగా ఉంటుంది.

వేటకు పోయే ఇళ్లకు

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. రాష్ట్రం ఇచ్చే భృతి 2025 నుంచి 20,000 రూపాయలు. ఇది రావాలంటే పడవకు రిజిస్ట్రేషన్ ఉండాలి, నిషేధం మొదలయ్యాక పడవల దగ్గర సిబ్బంది పేర్లు రాసుకునే రోజు మీరు అక్కడ ఉండాలి. పక్క జిల్లా పడవ మీద పనిచేసేవాళ్ల పేర్లే ఎక్కువగా జారిపోతాయి. ఏ రేవులో పేరు రాయించుకోవాలో యజమానితో ఏప్రిల్ మొదట్లోనే తేల్చుకోండి. బ్యాంకు ఖాతా ఆధార్‌కు లింకై ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోండి.

యాభై ఏళ్లు నిండిన మత్స్యకారులకు పింఛను ఉంది, అరవై దాకా ఆగక్కర్లేదు. ప్రమాద బీమా కూడా ఉంది. సముద్రంలో ప్రాణం పోతే, పూర్తి అంగవైకల్యం వస్తే 5 లక్షలు, పాక్షిక వైకల్యానికి రెండున్నర లక్షలు, ఆసుపత్రి ఖర్చుకు 25,000. ప్రీమియం మత్స్యకారుడు కట్టడు, ప్రభుత్వాలే కడతాయి. పేరు మాత్రం జాబితాలో ఉండాలి, నామినీ పేరుతో సహా. పడవలకు ట్రాన్స్‌పాండర్లు (ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే, అందుకునే పరికరాలు) కూడా ఉచితంగా బిగిస్తున్నారు. వాయుగుండం హెచ్చరిక తెలుగులో పడవ మీదకే వస్తుంది. జువ్వలదిన్నె నుంచి పోయేవాళ్లు, కొత్తపట్నం తీరం వాళ్లు మీ పడవకు ఇంకా రాకపోతే మత్స్యశాఖ ఆఫీసులో రిజిస్ట్రేషన్ నంబరు చెప్పి రాయించుకోండి. పోయేటప్పుడు పడవ కాగితం జిరాక్సు రెండు కాపీలు తీసుకుపోండి, ఒకటి వాళ్లకిచ్చి రెండోదాని మీద ముద్ర వేయించుకుని ఇంటికి తెచ్చుకోండి.